చల్కకు చెరువు మట్టి, కారుచౌడుకు జిప్సం: నేల కట్టును బాగుచేసుకునే పనులు

(వానాకాలం సాగుకు ముందు ఒక రైతు వేదికలో విశ్రాంత భూసార శాస్త్రవేత్త చేసిన ప్రసంగం, అక్షర రూపంలో)

పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం. ఎండ ముదిరేలోపు ముగిద్దామన్నారు, కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

ఈ బల్ల మీద మూడు గాజు గ్లాసులున్నాయి. మూడింట్లోనూ ఫిల్టర్ నీళ్లే పోశాం. మీ చేనులోంచి ఒక్కో మట్టి పెళ్ల తెమ్మన్నాం కదా, వాటిలో మూడు తీసుకున్నాను. ఒకటి ఎర్ర చల్క, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేల. వాన వెలిసిన రెండో రోజుకే పైన పెచ్చు కట్టే నేలట. రెండోది బోరు కింద ఏళ్లుగా వరి వేస్తున్న మడిలోది. నీళ్లు పెడితే వారమైనా ఇంకవు, ఎండితే గడ్డపారకు కూడా లొంగదు అన్నారు ఆ అన్న. మూడోది ఒక అక్క తెచ్చింది, పెంటకుప్ప పక్కన కూరగాయలు వేసుకునే జాగాలోది. మూడింటినీ శనగ గింజంత ముక్కలు చేసి నీడన ఆరబెట్టాం. ఇప్పుడు ఒక్కో గ్లాసులో ఒక్కో ముక్క మెల్లగా జారవిడుస్తున్నాను. కలపకూడదు, గ్లాసును కదపకూడదు. వాటిని అలా ఉండనిచ్చి మాట్లాడుకుందాం, కాసేపాగి చూద్దాం.

మీలో చాలామంది దగ్గర భూసార కార్డు ఉంది. 2015లో కేంద్రం ఆ పథకం మొదలుపెట్టింది. కార్డులో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు లాంటి సూక్ష్మపోషకాలు, నేల పులుపా క్షారమా చెప్పే పీహెచ్, ఉప్పుల శాతం చెప్పే ఈసీ, సేంద్రియ కర్బనం. మంచి కార్డు, వాడుకోవాలి. కానీ మీ నేలలో వాన నీళ్లు గంటకు ఎంత ఇంకుతాయి, వేరు ఎంత లోతుకు దిగగలదు, మొలక పైకి రావడానికి ఎంత గట్టి పొరను చీల్చుకోవాలి అన్నవి అందులో ఉండవు. పంట ఎర్రబడితే మనం ఇంకో బస్తా యూరియా వేస్తాం. గాలి ఆడక వేరుకు ఊపిరి అందని చోట ఆ యూరియా బూడిదలో పోసిన పన్నీరే.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒకటే. ఎరువు పంటకు తిండి. నేల కట్టును బాగుచేసే సరుకు వేరే ఉంది. పెంట, చెరువు మట్టి, జిప్సం, పచ్చిరొట్ట, పొట్టు, బొగ్గు లాంటివి. వీటన్నిటినీ కలిపి సాయిల్ కండిషనర్లు అంటున్నారు. వీటిలో ఏది వేయాలో దుకాణంవాళ్లను అడిగి కాదు, నేలలో లోపం ఏమిటో చూసి తేల్చుకోవాలి. ఒక నేలను నిలబెట్టే సరుకు ఇంకో నేలలో దండగ అవుతుంది, కొన్నిసార్లు చేటు కూడా చేస్తుంది.

మంచి నేలలో సగమే మట్టి. మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీలో కొంత నీళ్లు, కొంత గాలి. పెద్ద సందుల్లోంచి వాన నీళ్లు దిగుతాయి, గాలి ఆడుతుంది, వేరు పోతుంది. సన్న సందులు నీళ్లను పట్టి ఉంచుతాయి. గట్టిపడ్డ చల్కలో ఘనపు సెంటీమీటరు మట్టి 1.6, 1.7 గ్రాములు తూగుతుంది. అంటే ఖాళీ 40 శాతానికి లోపే, అందులోనూ ముందు మూసుకుపోయేవి పెద్ద సందులే. అవి నిలవాలంటే ఇసుక, ఒండ్రు, బంకమన్ను రేణువులు చిన్న చిన్న గుళికలుగా అతుక్కుని ఉండాలి. నువ్వుల ఉండలో పాకం నువ్వుల్ని పట్టి ఉంచినట్టు, ఈ గుళికల్ని సేంద్రియ పదార్థం పట్టి ఉంచుతుంది. సూక్ష్మజీవులు వదిలే జిగురు, బూజు దారాలు, సన్న వేళ్లు చేసే పని ఇది. ఇక బంక రేణువుల్ని ఒకదానికొకటి దగ్గరగా ఉంచేది కాల్షియం. ఈ రెండింట్లో మీ నేలకు ఏది కొరవడిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు గ్లాసులు చూడండి. దగ్గరకు రండి, తలుపుకు అడ్డం నిలబడకండి, వెలుతురు రానివ్వండి.

మొదటి దాంట్లో చల్క ముక్క కూలిపోయి చిన్న కుప్పగా పడింది. అయినా పైన నీళ్లు తేటగానే ఉన్నాయి, అడుగున గింజలు గింజలుగా ఇసుక కనిపిస్తోంది. ఎండిన ముక్కలోకి నీళ్లు చొరబడేసరికి లోపల చిక్కిన గాలి దాన్ని విడగొట్టింది. ఆ ఒత్తిడికి ఆగేంత జిగురు లేదు. సేంద్రియ పదార్థం కరువైన నేల అన్నమాట. రెండో గ్లాసు చూడండి. ముక్క చుట్టూ తెల్లటి మసక లేచి అడుగున పరుచుకుంటోంది. ఇంకో రెండు గంటలకు పెరుగుతుంది, రేపటిదాకా ఉంచితే నీళ్లన్నీ మసకే. బంక రేణువులు ఒక్కొక్కటిగా విడిపోయి తేలుతున్నాయి. ఇది సోడియం చేసే పని. మూడో గ్లాసులో అక్క తెచ్చిన ముక్క అంచు కూడా చెదరలేదు. ఏళ్ల తరబడి పెంట పడ్డ జాగా మరి.

ఈ పరీక్షను 1967లో ఆస్ట్రేలియాలో ఎమర్సన్ అనే శాస్త్రవేత్త పద్ధతిగా రాసిపెట్టాడు. పైసా ఖర్చు లేదు, ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. బోరు నీళ్లతో చేయొద్దు. ఆ నీళ్లలో ఉన్న ఉప్పులు బంకను విడిపోకుండా ఆపేస్తాయి, చెడ్డ నేల కూడా మంచిదిగా కనిపిస్తుంది. వాన నీళ్లయినా, ఫిల్టర్ నీళ్లయినా వాడండి.

ముందు చల్క సంగతి, ఎందుకంటే ఇక్కడ ఎక్కువమంది నేల అదే. వీటిలో బంకమన్ను తక్కువ. ఉన్న బంక కూడా నల్లరేగడిలో లాగా ఉబ్బి, పగిలి, తనంతట తాను వదులయ్యే రకం కాదు. పెద్ద చినుకు పడగానే పైనున్న గుళిక చితుకుతుంది. సన్న రేణువులు సందుల్లో దిగి మూసేస్తాయి. ఎండ రాగానే రెండు మూడు మిల్లీమీటర్ల పెచ్చు బిగుసుకుంటుంది. సజ్జ, నువ్వు లాంటి సన్న గింజల మొలక దాని కిందే ఆగిపోతుంది. పత్తి మొలక మెడ వంచుకుని తోసి తోసి, కొన్ని చోట్ల మెడ విరిగి చచ్చిపోతుంది. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ కూలి పెట్టాలి. అది కళ్లకు కనబడే నష్టం. తర్వాతి వాన ఆ పెచ్చు మీద జారిపోయి ఒర్రెలో కలుస్తుంది చూడండి, అది అంతకన్నా పెద్దది. అడుగు లోతు చల్క పంటకు అందే నీళ్లు సుమారు 30, 35 మిల్లీమీటర్లే దాచుకోగలదు. నల్లరేగడి 50కి పైనే దాచుకుంటుంది. ఉన్న చిన్న సంచీలోకి కూడా వాన దిగకపోతే పది రోజుల బెట్టకే చేను వాడిపోతుంది.

దీనికి మన తాతలు చేసిన పనే ఇప్పటికీ అన్నిటికన్నా గట్టిది. ఎండాకాలం చెరువు ఎండగానే బండ్లు కట్టి మట్టి తోలేవాళ్లు. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు తెలంగాణలో 46 వేలకు పైగా చెరువుల్ని బాగుచేయాలనుకున్నారు. పూడిక సర్కారు తీయించింది, రవాణా రైతులు తమ ఖర్చుతో పెట్టుకున్నారు. చెరువులో ఉన్న ఒండ్రు మట్టి ఎక్కడి నుంచో వచ్చింది కాదు, మన చేల పైమట్టిలోని మెత్తటి భాగమే వానకు కొట్టుకుపోయి అక్కడ చేరింది. దాన్ని వెనక్కి తెచ్చుకుంటున్నాం.

ఎంత తోలాలి? లెక్క వేసి చూద్దాం. ఎకరం నేలలో పైన ఆరంగుళాల మట్టి తూకం సుమారు 900 టన్నులు. ఈ 900 గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. మీ చల్కలో బంక 10 శాతం ఉంది, చెరువు మట్టిలో 50 శాతం ఉంది అనుకుందాం. మీ చేనులో బంక ఒక్క శాతం పెరగాలంటే ఎకరాకు 23 టన్నుల చెరువు మట్టి కావాలి. ట్రాక్టరు ట్రక్కుకు మూడు టన్నులు పడుతుందనుకుంటే ఎనిమిది ట్రక్కులు. 10 నుంచి 15 శాతానికి రావాలంటే దాదాపు 130 టన్నులు, 40కి పైగా ట్రక్కులు. ఎకరాకు రెండు ట్రక్కులు చల్లి తేడా లేదనుకుంటే ఆ తప్పు మట్టిది కాదు. ఉన్న డబ్బును నాలుగెకరాలకు పలచగా పంచకుండా, ఈ ఏడాది ఒక ఎకరానికి సరిపడా తోలండి, వచ్చే ఏడాది ఇంకో ఎకరం. గట్లు బాగుంటే ఆ బంక చేనులోనే ఉంటుంది. పెంటలా ఏటేటా కరిగిపోదు.

ఏ మట్టి తెస్తున్నారో చూసుకోండి. వాగు వచ్చి చెరువులో కలిసే చోట ఇసుక దిగుతుంది. మెత్తటి ఒండ్రు కట్ట వైపు, తూము దగ్గరి లోతట్టులో చేరుతుంది. అక్కడి మట్టిని తడిపి వేళ్ల మధ్య నలిపితే సన్నని పట్టీలాగా సాగాలి, గరగర తగలకూడదు. పైనున్న ఒండ్రు వరకే తీయండి, కింద మొరం తగిలితే ఆపేయాలి. ఊరి మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువు అయితే ముట్టుకోవద్దు. మిగతా చోట్ల కూడా ఒక కిలో మట్టి తీసుకెళ్లి పీహెచ్, ఈసీ చూపించుకున్నాకే ట్రాక్టరు మాట్లాడండి. తోలిన మట్టిని పెళ్లలుగానే పరిచి ఎండకు వదిలేస్తే తొలకరికి అవే చితుకుతాయి, అప్పుడు గుంటుక తోలి కలపొచ్చు. నల్లరేగడి ఉన్నవాళ్లు మాత్రం ఈ ఖర్చు పెట్టొద్దు. ఉన్న బంకకే ఆ నేల సతమతమవుతోంది.

బంక వచ్చాక దాన్ని గుళికలుగా కట్టడానికి సేంద్రియ పదార్థం కావాలి. ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు వేయమని మేం అందరం చెబుతూ వచ్చాం. చెప్పడం తేలిక. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక నాలుగు టన్నుల పెంట ఎన్ని ఇళ్లలో ఉంది? పైగా మన ఎండలకు వేసిన పెంటలో ఎక్కువ భాగం ఏడాది తిరిగేసరికి కుళ్లి గాలిలో కలుస్తుంది, మళ్లీ వేస్తూ ఉండాల్సిందే. అందుకని దొరికేవన్నీ వాడుకోవాలి. గొర్రెల మంద పెట్టించండి. తొలకరికి పిల్లిపెసర, జనుము చల్లి పూతకు రాగానే కలియదున్నండి. పత్తి కట్టెకు నిప్పు పెట్టకుండా ష్రెడ్డర్‌తో ముక్కలు చేయించండి. మిల్లు దగ్గర దొరికే వేరుశనగ పొట్టు, వరి ఊక గట్టిపడే చల్కలకు ఎకరాకు రెండు టన్నుల చొప్పున పనికొస్తాయి. కోనసీమ వైపు నుంచి వచ్చే కొబ్బరి పొట్టు కూడా మంచిదే, కుళ్లబెట్టినది అయితేనే. పచ్చి పొట్టు, ఊక నేరుగా కలిపితే వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పంటకు రావాల్సిన నత్రజనిని కొంతకాలం తామే వాడుకుంటాయి, పైరు పచ్చదనం పోతుంది. విత్తడానికి చాలా ముందే వేయండి, లేదా కంపోస్టు చేసి వేయండి.

మరీ తక్కువ పెంట ఉన్నవాళ్లు దాన్ని చేనంతా చల్లొద్దు. విత్తిన సాలు మీద మాత్రం పొడి పెంట పలచగా కప్పండి. చినుకు దెబ్బ పెంట మీద పడుతుంది, సాలు మీద పెచ్చు కట్టదు. విత్తిన తర్వాత గట్టి వాన పడితే పెచ్చు పూర్తిగా ఎండకముందే, ఇంకా తేమ ఉండగానే తేలిగ్గా దంతి తోలాలి. ఎండాక తోలితే పలకలు పలకలుగా లేచి మొలకల్నే పెకలిస్తుంది.

రోటవేటర్ గురించి ఒక మాట అనకుండా ఉండలేను. దుక్కి పిండిలా కావడం చూసి మనకు సంతోషం, కానీ ఆ పిండి చేసేది మనం కష్టపడి కట్టుకున్న గుళికల్ని. పిండి అయిన చల్క మీద మొదటి వాన పడితే పెచ్చు ఇంకా గట్టిగా కడుతుంది. తడి నేలలో ఏటా ఒకే లోతున తోలితే కింద గట్టి పొర ఏర్పడుతుంది, వేరు అక్కడికి పోయి పక్కకు తిరుగుతుంది. కలుపు, పైరు మొదళ్లు కలపడానికి ఒకసారి వాడండి, ప్రతి పనికీ వద్దు.

ఇక రెండో గ్లాసు, కారుచౌడు. ఇది ఎండు పెంటతో మాత్రమే తగ్గేది కాదు. బంక రేణువుల చుట్టూ కాల్షియం ఉంటే అవి దగ్గరకు వచ్చి గుళిక కడతాయి. కాల్షియం స్థానంలో సోడియం చేరితే ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. విడిపోయిన బంక సందుల్ని పూడుస్తుంది, అందుకే ఆ అన్న మడిలో నీళ్లు వారమైనా ఇంకట్లేదు. పీహెచ్ 8.5 దాటి, బంక పట్టి ఉంచిన మూలకాల్లో సోడియం వాటా 15 శాతం దాటితే దాన్ని కారుచౌడు అంటాం. చాలాచోట్ల ఈ సోడియం మనం పెట్టే బోరు నీళ్లతోనే వస్తుంది. నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువుంటే నేలలోని కాల్షియం సున్నంగా గడ్డకట్టి పోతుంది, బంక మీద ఖాళీ అయిన చోట సోడియం కూర్చుంటుంది. నీటి పరీక్ష కాగితంలో ఆర్‌ఎస్‌సీ అని ఒక అంకె ఉంటుంది, నీళ్లలో కాల్షియం, మెగ్నీషియంలను మించి మిగిలే కార్బొనేట్లు, బైకార్బొనేట్ల లెక్క అది. ఆ అంకె 2.5 దాటితే ఆ నీళ్లు సాగుకు పనికిరావన్నట్టే లెక్క.

విరుగుడు జిప్సం. అందులో కాల్షియం ఉంది, నీళ్లలో మెల్లగా కరుగుతుంది. కాల్షియం వెళ్లి సోడియంను బంక మీద నుంచి దించేస్తుంది. దిగిన సోడియం సల్ఫేటుగా మారి నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు మడిలోంచి బయటకు పోవాలి. పోకపోతే ఖర్చంతా వృథా.

ఇక్కడ పరిమాణం దగ్గర చాలామంది తేలిపోతున్నారు. వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తాం. అది కాయకు కాల్షియం, గంధకం అందించడానికి. చౌడుకు కూడా అదే 200 కిలోలు వేసి, జిప్సం పనిచేయలేదు సార్ అంటారు. ఓ మాదిరి బంక ఉన్న నేలలో సోడియం వాటాను 25 శాతం నుంచి 10కి దించాలంటే, ఆరంగుళాల లోతుకే ఎకరాకు సుమారు 2.3 టన్నుల స్వచ్ఛమైన జిప్సం కావాలి. 50 కిలోల బస్తాలు 46. బజారులో దొరికే సరుకు 70, 80 శాతం స్వచ్ఛతే ఉంటే ఆ మేరకు పెంచుకోవాలి. మీ నేలకు ఎంత అన్నది ల్యాబులో జిప్సం అవసరం పరీక్ష చేయిస్తే తేలుతుంది. భూసార కార్డులో అది రాదు, అడిగి చేయించుకోవాలి.

పని ఏ వరుసలో చేయాలో కూడా చెబుతాను, ఎందుకంటే వరుస తప్పితే ఫలితం ఉండదు. అన్నిటికన్నా ముందు మురుగు పోయే కాలువ తీయాలి. తర్వాత మడి చదును చేసి గట్లు గట్టిగా వేయాలి. జిప్సం పొడి సమంగా చల్లి, పై నాలుగంగుళాల్లోనే కలపాలి. లోతు దుక్కి చేసి కిందికి తోసేయొద్దు. ఆ తర్వాత నీళ్లు నిలగట్టాలి. లీటరు నీటికి రెండున్నర గ్రాముల జిప్సం మాత్రమే కరుగుతుంది. ఇందాకటి 2.3 టన్నులు ఉత్త నీళ్లలో కరగాలంటే ఎకరం మీద తొమ్మిదంగుళాల నీళ్లు కావాలని లెక్క వస్తుంది. ఒక తడి పెట్టి ఊరుకుంటే సరిపోదని అందుకే అంటున్నాను. వానాకాలం దీనికి మంచి అదను, వాన నీళ్లలో ఉప్పులుండవు. పది పదిహేను రోజులు నీళ్లు నిలిపి, తీసేసి, మళ్లీ పెట్టాలి. తర్వాత జీలుగ చల్లండి, అది చౌడును తట్టుకుంటుంది. 45 రోజులకు పూత దశలో దమ్ములో కలిపి వరి నాటండి. మొదటి పంటగా వరే ఎందుకంటే నీళ్లు నిలిచి ఉంటాయి, కుళ్లే రొట్ట, వేళ్లు వదిలే బొగ్గుపులుసు వాయువు నేలలో గడ్డకట్టిన సున్నాన్ని కూడా కొంత కరిగిస్తుంది. కారుచౌడులో జింకు అందదు కాబట్టి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ మర్చిపోవద్దు.

ఇది కాగితం మీది మాట కాదు. 1969లో కర్నాల్‌లో కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ పెట్టాక పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో గడ్డి కూడా మొలవని లక్షల హెక్టార్ల చౌడు ఈ వరుసలోనే వరి, గోధుమ పండే నేల అయింది.

పాలచౌడు వేరు. దానిమీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది కానీ నీళ్లు ఇంకుతాయి, గ్లాసులో మసక లేవదు. దానికి జిప్సం అక్కర్లేదు. మంచి నీళ్లు పెట్టి ఉప్పును కిందికి దింపి కాలువలోకి పంపితే చాలు. రెండూ కలిసిన నేలలు కూడా ఉంటాయి, అక్కడే జాగ్రత్త కావాలి. ఉప్పు ఉన్నంతకాలం బంక విడిపోదు, నేల బాగానే కనిపిస్తుంది. జిప్సం వేయకుండా ఉప్పును మాత్రం కడిగేస్తే మిగిలిన సోడియం నేలను మూసేస్తుంది, ముందుకన్నా అధ్వాన్నం అవుతుంది. అనుమానం ఉంటే ల్యాబుకు పోయి తేల్చుకోండి.

నల్లరేగడివాళ్లు జిప్సం బస్తా ఎత్తేముందు గ్లాసులో చూడండి. మసక లేవకపోతే మీకు కావాల్సింది మురుగు పోయే దారి, పెంట, ఎత్తుమళ్ల మీద సాగు.

ఇప్పుడు కొత్త సరుకుల మాట. 1951 చివర్లో అమెరికాలో మోన్‌శాంటో కంపెనీ క్రిలియం అనే పొడిని తెచ్చింది. నేల గుళికల్ని విడిపోకుండా పట్టి ఉంచే పాలిమర్ అది. పనిచేసింది. కానీ పొలాలకు వేసేంత చవక కాకపోవడంతో నిలబడలేదు. 1990లలో ఐడహో రాష్ట్రంలోని కింబర్లీ పరిశోధన కేంద్రంవాళ్లు అలాంటిదే ఇంకో పాలిమర్‌ను వెయ్యి లీటర్లకు పది గ్రాముల చొప్పున సాళ్లలో పారే నీళ్లలో కలిపి మట్టి కోతను చాలావరకు ఆపగలిగారు. నేలంతా కలపకుండా పైపైన, అవసరమైన చోటే వాడటం వల్ల ఖర్చు తగ్గింది.

మన దగ్గర పూసా హైడ్రోజెల్ ఉంది, ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్లు తయారుచేసింది. ఎకరాకు ఒకటి రెండు కిలోలు వేయమంటారు. తన బరువుకు 350 రెట్లు నీళ్లు పీలుస్తుంది. వినడానికి ఎంతో అనిపిస్తుంది. రెండు కిలోలు పీల్చేది 700 లీటర్లు. ఎకరం మీద పరిస్తే అది మిల్లీమీటరులో ఐదో వంతు కూడా కాదు. ఉప్పు నీళ్లలో అయితే ఇంకా తక్కువ పీలుస్తుంది. అది పీల్చి, వదిలి, మళ్లీ పీలుస్తుందన్నది నిజమే. అందుకే నారుమడికి, పండ్ల మొక్కలు నాటే గుంతకు, వేరు పక్కనే పడేలా వాడితే లాభం. చేను మొత్తం గుణం మారుతుందని మాత్రం ఆశపడొద్దు.

పత్తి కట్టె బొగ్గు, బయోచార్ అంటున్నారు కదా, అది చల్కకు నేను గట్టిగా చెప్పే సరుకు. పెంటలా త్వరగా కుళ్లిపోదు. గాలి తక్కువ తగిలేలా గుంతలోనో డ్రమ్ములోనో కాల్చి, బూడిద కాకముందే నీళ్లు కొట్టి ఆర్పాలి. పేడ నీళ్లలో నానబెట్టి పెంటతో కలిపి వేస్తే మంచిది. దాని పీహెచ్ ఎక్కువ, కాబట్టి కారుచౌడులో వేయొద్దు.

ఇక డబ్బాల్లో అమ్మే సాయిల్ కండిషనర్లు. ఐదు కిలోల డబ్బా ఒక ఎకరానికి చాలు, నేల గుల్లబారుతుంది అంటారు. ఇందాకటి 900 టన్నులు గుర్తుందా? ఐదు కిలోలంటే టన్ను మట్టికి ఐదున్నర గ్రాములు. హ్యూమిక్ ఆమ్లం లాంటివి వేరు పెరగడానికి కొంత తోడ్పడవచ్చు, కానీ ఐదున్నర గ్రాములతో టన్ను మట్టి కట్టు మారదు. ఆ డబ్బుకు ఎన్ని ట్రక్కుల చెరువు మట్టి వస్తుందో లెక్క వేసుకున్నాకే కొనండి.

మీరు ఏది వేసినా చేను మధ్యలో నాలుగు సాళ్లు వేయకుండా వదిలేయండి, తేడా తెలియడానికి. ఇంకుడు చూసుకోవాలంటే ఆరంగుళాల వెడల్పు పైపు ముక్కను నేలలో మూడంగుళాలు దిగ్గొట్టి, లోపల ఒక పాలిథిన్ కవరు పరిచి, 450 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, కవరు మెల్లగా లాగేయండి. అది అంగుళం వానకు సమానం. అంతా ఇంకడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో చూసి రాసుకోండి. ఇదే పని వచ్చే ఏడాది ఇదే నెలలో, అదే చోట చేయండి.

నా మాటలు ఇంతే, ఇక మీరు అడగండి.

(ఒక మహిళా రైతు: సార్, మాది కౌలు భూమి. 40 ట్రక్కుల మట్టి తోలినాక భూమిగలాయన వెనక్కి తీసుకుంటే మా గతేంది?)

సరైన ప్రశ్న అడిగావమ్మా. కౌలు ఏడాది మాట మీదే ఉంటే చెరువు మట్టి ఖర్చు నువ్వు పెట్టొద్దు. అది పదేళ్లు పనిచేసే సరుకు, దాని లాభం భూమిగలాయనకు పోతుంది. ఆ పంటకే ఫలం ఇచ్చేవి చేసుకో. సాలు మీద పెంట, పిల్లిపెసర, తేమ ఉండగా దంతి. మట్టి తోలించాలంటే రవాణా ఆయన్ని భరించమను, లేదా నాలుగైదేళ్లకు కౌలు కాగితం రాయించుకున్నాకే మొదలుపెట్టు. ఈ ఊళ్లో పెద్దలు ఇక్కడే ఉన్నారు, ఆ మాట ఇవాళే కదిలిస్తే బాగుంటుంది.

(ఒక రైతు: సార్, జిప్సం, పెంట ఒకేసారి కలిపి వేయొచ్చా?)

వేస్తే నష్టమేమీ లేదన్నా, కానీ నీ మడిలో ముందు జిప్సం వేసి ఉప్పు బయటకు పోనియ్యి. కుళ్లిన పెంట ఆ తర్వాత దమ్ములో కలుపుకో, లేకపోతే తీసేసే నీళ్లతో పాటు పెంట సారం కూడా పోతుంది. ఇంకో మాట. చౌడు మడి ఉన్నవాళ్లు మట్టి నమూనా ఒక్కటే పంపితే చాలదు, ఆ మడికి పారే బోరు నీళ్లు కూడా శుభ్రమైన లీటరు సీసాలో నింపి పంపండి. అంచు దాకా నింపి మూత బిగించండి, సీసా మీద పేరు, సర్వే నంబరు రాయండి. నీళ్లు చూడకుండా జిప్సం లెక్క సరిగ్గా చెప్పలేం.